డచెస్ కరిస్తేనే ఇంట్లోకి

గ్లెనిస్ ఇంటి పెరట్లో, మామిడిచెట్టు కింద క్లారీ కారవాన్, కారు వెనక తగిలించుకు తిరిగే రేకు ఇల్లు, వచ్చి ఆగినప్పుడు సముద్రం ఒడ్డున బోవెన్ ఊళ్ళో అందరూ ఒకటే అనుకున్నారు. వారం తిరక్కుండా ఈ పెద్దమనిషి మెట్లెక్కి ఇంట్లోకి చేరిపోతాడని. వారం తిరిగింది. మామిడిపూత పిందె అయింది, పిందె కాయ అయింది, కాయలు పండి కారవాన్ రేకు కప్పు మీద దబ్బుదబ్బున రాలడం కూడా మొదలెట్టాయి. క్లారీ మాత్రం ఆ కప్పు కిందే ఉన్నాడు. రాలిన ప్రతి పండుకీ ఉలిక్కిపడి లేచి, మళ్ళీ పడుకుంటున్నాడు.

దీనికంతటికీ కారణం ఒక చేప.

చేపంటే పులుసులోకి పనికొచ్చే చేప కాదు. గ్లెనిస్ ముందుగదిలో ఒక మూల మంచమంత అద్దాల తొట్టె ఉంది. నిండా సముద్రపు నీళ్ళు, మధ్యలో గుహలుగా పేర్చిన రాళ్ళు. అందులో కాపురముండేది డచెస్. క్లౌన్ చేపల్లో మెరూన్ రకం. ముదురు ఎరుపు ఒళ్ళు, దాని మీద మూడు పట్టీలు, ఎప్పుడూ ఎవరి మీదో ఫిర్యాదు చెయ్యబోతున్నట్టుండే మొహం. ఈ జాతిలో ఆడదే పెద్దది, ఆడదే యజమాని. మొగుడు దాని మూతికి పట్టేటంత ఉంటాడు. ఆ మొగుడికి స్టబ్బీ అని పొట్టి బీరుసీసా పేరు పెట్టారు. స్టబ్బీ తిండి తినాలన్నా డచెస్ మొహం చూసి తినాలి.

డచెస్‌ని తెచ్చింది గ్లెనిస్ భర్త రాన్. ఆయన పోయి చాలా కాలమైంది. చేప మాత్రం రోజురోజుకీ బలిసింది.

క్లారీ చెరకు రైలు నడిపి రిటైరయినవాడు. పెళ్ళాం ఏనాడో వదిలేసి దక్షిణాన ఏదో పట్నానికి పోయింది. అతనికి మిగిలింది పుడ్డింగ్ ఒక్కటే. పుడ్డింగంటే ఎనిమోన్. చూడ్డానికి పువ్వు, పుట్టుకకి జంతువు. తివాచీ పరిచినట్టు ఇసుక మీద పళ్ళెమంత వెడల్పున పరుచుకునే రకం. నీలి రంగు. తాకితే బంకలా అంటుకుంటుంది, కుడుతుంది, చిన్న చేప దొరికితే నోట్లో వేసుకుంటుంది. ఇంత దుర్మార్గురాల్ని క్లారీ కన్నబిడ్డలా పెంచాడు. రొయ్యముక్కలు తన చేత్తో తినిపించేవాడు. ప్రేమకి కళ్ళుండవని ఊరికే అనలేదు.

ఇద్దరూ ఉప్పునీటి తొట్ల సంఘంలో సభ్యులు. ఆ సంఘం వాళ్ళు ఒక ఆదివారం సముద్రం ఒడ్డున సాసేజీలు కాల్చుకుంటున్నప్పుడు, క్లారీ రొట్టెలో చుట్టిన సాసేజీ చేత పట్టుకుని, ఉల్లిపాయ ముక్కలు చొక్కా మీద రాల్చుకుంటూ, ఎన్నాళ్ళుగానో మనసులో దాచుకున్న మాట బయటపెట్టాడు.

"గ్లెన్, మనిద్దరం ఒకే కప్పు కింద ఉంటే ఎలా ఉంటుందంటావ్?"

"ముందు ఆ సాస్ తుడుచుకో. గడ్డం మీంచి కారుతోంది," అంది గ్లెనిస్.

తుడుచుకున్నాడు. ఆమె సముద్రం వంక చూస్తూ రెండు షరతులు పెట్టింది.

"మా ఇంట్లోకి ఏ ప్రాణి వచ్చినా ముందు క్వారంటైనే. చేపైనా సరే, నత్తైనా సరే, నువ్వైనా సరే. కారవాన్ తెచ్చి పెరట్లో పెట్టుకో."

"అలాగే."

"రెండోది. మాది గుంజల మీద నిలబెట్టిన పాత చెక్కల ఇల్లు. నేల ఒక్క తొట్టెనే మోస్తుంది. రెండోది పెట్టామంటే తొట్టెతో పాటు మనమూ కింద సెలూన్‌లో పడతాం. కాబట్టి నీ పుడ్డింగూ నా డచెస్సూ ఒకే తొట్లో సర్దుకోగలిగితే, మనమూ సర్దుకుందాం."

గ్లెనిస్ మంగలిపని చేస్తుంది. ఆ చెక్కల ఇంటి కింద గుంజల మధ్య ఖాళీలో సిమెంటు చేయించి, రెండు కుర్చీలూ, ఒక పెద్ద అద్దమూ, తలలు కడిగే బేసినూ పెట్టుకుంది. ఊళ్ళో సగం తలలు ఆమె చేతి కింద వంగినవే. క్లారీ తల కూడా.

మెరూన్ చేపకి ఒక్క రకం ఎనిమోనే పొసుగుతుంది. వేళ్ళ చివర బుడగలుండే రకం. తివాచీ రకంతో దానికి పొంతన కుదరదని సంఘంలో చేరిన మొదటి రోజే అందరికీ చెబుతారు. ఆ సంగతి గ్లెనిస్‌కీ తెలుసు, క్లారీకీ తెలుసు. అయినా అతను గంతులేసుకుంటూ వెళ్ళి కారవాన్‌కి టైర్లలో గాలి కొట్టించాడు. ఆశ పెట్టుకున్నవాడికి అడ్డేముంది?

మూడో షరతు గ్లెనిస్ నోటితో చెప్పలేదు. ఆమె అక్క డాట్ చెప్పింది.

డాట్ పక్కవీధిలో ఉంటుంది. సంఘంలో, గెలిచినవాళ్ళకి పళ్ళెం నిండా మాంసం ఇచ్చే లాటరీ నడిపేది ఆవిడే. నోట్లో నువ్వుగింజ నానదు. క్లారీ వచ్చిన మర్నాడే కారవాన్ తలుపు దగ్గర నిలబడి అడిగింది.

"ఏమయ్యా, డచెస్ కరిచిందా నిన్ను?"

"లేదే! నన్ను చూస్తే రాళ్ళ వెనక దాక్కుంటుంది. మంచిదేగా?"

"మంచిదేంటి నీ మొహం! ఆ చేప బయటివాళ్ళని చూస్తే దాక్కుంటుంది. ఇంట్లోవాళ్ళయితేనే కరుస్తుంది. రాన్ చేతులు చూశావా ఎప్పుడైనా? జల్లెడలా ఉండేవి. గ్లెన్ చేతులు చూడు. నన్ను కూడా కరిచింది, సొంత అక్కని కదా. ఆ చేప కరవనిదే నా చెల్లెలు నిన్ను మనిషిగా లెక్కెయ్యదు. పైకి అనదు, అంతే."

అప్పట్నుంచి క్లారీ కోరిక ఒక్కటే. ఆ చేప తనని కరవాలి. పుణ్యాత్ములు మోక్షం కోరుకుంటారు, లోకులు లాటరీ కోరుకుంటారు, ఇతను చేపకాటు కోరుకున్నాడు. రోజూ పొద్దున్నే కాళ్ళు తుడుచుకుని, ముందుగదిలోకి వెళ్ళి, తొట్టె అద్దాలకి పట్టిన పాచి గీకేవాడు. వారం వారం రేవు చివరినుంచి డబ్బాలతో సముద్రపు నీళ్ళు మోసుకొచ్చి నీళ్ళు మార్చేవాడు. క్వారంటైన్‌లో ఉన్నవాళ్ళు ఒట్టి చేతులు తొట్లో పెట్టకూడదని గ్లెనిస్ నియమం. అందుకని భుజం దాకా వచ్చే నల్ల రబ్బరు తొడుగు ఇచ్చింది, గేదె ఈనేటప్పుడు పశువుల డాక్టరు వేసుకునేలాంటిది. క్లారీ అది తొడుక్కుని, తొట్లో చెయ్యి పెట్టి, వేలు ఆడిస్తూ "రావే తల్లీ, ఒక్కసారి" అని బతిమాలేవాడు. డచెస్ రాళ్ళ వెనకనుంచి తోక చివర మాత్రం చూపించేది.

"కరిచిందా?" అని గ్లెనిస్ వంటింట్లోంచి అడిగేది, ఏమీ పట్టనట్టు.

"ఇవాళ కొంచెం దగ్గరికొచ్చింది."

"ఊఁ," అనేది గ్లెనిస్. ఆ ఊఁ విని క్లారీ కారవాన్‌కి తిరిగెళ్ళేవాడు.

ఇక పొంతన సంగతి. సంఘానికి ప్రెసిడెంటు వాల్ అనే ఆయన. ప్రపంచంలో ఆయనకి తెలియని విషయం లేదు, చెప్పి చెడగొట్టని విషయమూ లేదు. ఆయన క్లారీని కూర్చోబెట్టి ఉపదేశం చేశాడు.

"ఒరే, బుర్ర వాడు. డచెస్‌కి కావలసింది బుడగల ఎనిమోన్. అయితే అదొకటి తెచ్చి ఎడమ మూల పెట్టు. డచెస్ దాంట్లో కాపురం పెడుతుంది. దాని ఇల్లు దానికి దొరికాక నీ పుడ్డింగ్ జోలికి ఎందుకొస్తుంది? అప్పుడు పుడ్డింగ్‌ని కుడి మూల దించు. ఎవరి వాటా వాళ్ళది."

వినడానికి ఎంత బాగుందో! క్లారీ సంఘంలో ఒకామె దగ్గర చీలి పిల్లపెట్టిన బుడగల ఎనిమోన్ అడిగి తెచ్చాడు. రోజా రంగులో ముద్దుగా ఉంది. రాతిసందులో జాగ్రత్తగా కూర్చోబెట్టాడు. డచెస్ రాళ్ళ వెనకనుంచి దాన్ని ఒక కంట చూసింది. గ్లెనిస్ కూడా చూసి "బాగుందే" అంది. ఆ ఒక్క మాటకి క్లారీ ఉబ్బితబ్బిబ్బయి, ఆ సాయంత్రం కారవాన్‌లో ఒక్కడే ఈలవేసుకున్నాడు.

ఎనిమోన్‌కి ఒంటికాలుంటుంది. పెట్టినచోటు నచ్చకపోతే లేచి నడుస్తుంది. ఇదీ అందరికీ తెలిసిందే. అందుకే తొట్లో నీళ్ళు కదిలించే పంపుకి జాలీ తొడగాలి. అదీ తెలిసిందే. పెళ్ళికొడుకు హడావిడిలో క్లారీ దాన్ని తొడగలేదు. రోజారంగు అమ్మాయి తెల్లారేసరికి నడుచుకుంటూ నడుచుకుంటూ సరిగ్గా పంపు నోటి దగ్గరికే వెళ్ళింది.

పొద్దున గ్లెనిస్ కేక వీధి చివరిదాకా వినిపించింది. తొట్టెనిండా గంజినీళ్ళలాంటి తెల్లటి నీళ్ళు. వాసన చెప్పక్కర్లేదు. ముక్కలుముక్కలుగా రోజారంగు గుజ్జు తేలుతోంది. క్లారీ పరిగెత్తుకొచ్చి, డచెస్‌నీ స్టబ్బీనీ వలతో పట్టి, బకెట్లో వేసుకుని కిందికి దిగి, సెలూన్‌లో తలలు కడిగే బేసిన్‌లో రేవు నీళ్ళు నింపి వాటిని వేశాడు. వాటిని పట్టుకోడానికి పేర్చిన రాళ్ళన్నీ తీసి కిందపెట్టాల్సొచ్చింది. గ్లెనిస్ ఆ రాళ్ళ వంకే చూస్తూ నిలబడింది. తిట్టి ఉంటే బాగుండేది.

తొట్టె శుభ్రమయ్యేదాకా రాణీగారు సెలూన్‌లోనే ఉంది. ఊళ్ళో ఆడవాళ్ళు తలకి రంగు వేయించుకుంటూ దానికి రొయ్యపొట్టు పెట్టారు. డచెస్ అద్దంలో అందరి జుట్టూ చూస్తూ హాయిగా ఉంది. ఒక పెద్దావిడ "ఇంట్లో కంటే ఇక్కడే దీనికి కులాసాగా ఉన్నట్టుంది" అని కూడా అంది. గ్లెనిస్ ఆ మాట వినపడనట్టు హెయిర్ డ్రయ్యరు వేసేసింది.

రాళ్ళు మళ్ళీ పేర్చారు, నీళ్ళు మళ్ళీ నింపారు. ఆ పనంతా అయ్యాక గ్లెనిస్ మెట్ల మీద నిలబడి తీర్పు చెప్పింది.

"క్వారంటైన్‌లో తేడా వస్తే ఏం చేస్తాం?"

"మళ్ళీ మొదట్నుంచీ," అన్నాడు క్లారీ తలొంచుకుని. అది సంఘం నియమం. పైగా ఆ నియమానికి చెయ్యెత్తి ఓటేసినవాళ్ళలో తనూ ఒకడు.

"నీకు కూడా మళ్ళీ మొదట్నుంచే," అని లోపలికెళ్ళిపోయింది.

ఇంకొకడైతే కారవాన్ తగిలించుకుని వచ్చిన దారినే పోయేవాడు. క్లారీ కుర్చీ వేసుకుని మామిడిపండు ఒలుచుకుంటూ కూర్చున్నాడు. అతని ఆలోచన సూటిగా ఉంది. ఇంట్లోకి రానివ్వలేదు, నిజమే. పొమ్మని కూడా అనలేదుగా! వంటింటి కిటికీలోంచి ఆమె పాడుకునే పాట వినిపిస్తుంది. పొద్దున టీ మెట్ల మీద కలిసి తాగుతారు. అవి కూడా లేకుండా పోతే తనేమైపోతాడోనని అతనికి లోపల చాలా భయంగా ఉండేది. ఆ భయంతోనే ఏ మాటా ఎదురు చెప్పేవాడు కాదు.

కొత్త క్వారంటైను గడిచింది. ఇక పుడ్డింగ్‌నీ డచెస్‌నీ ముఖాముఖి కలపక తప్పదన్నాడు వాల్.

"బాగా పాతబడి నీళ్ళు కుదురుకున్న తొట్టెలో కొన్ని మెరూన్లు తివాచీలో కూడా దూరాయని విన్నాను. నా కళ్ళతో చూడలేదనుకో. మధ్యలో ప్లాస్టిక్ జాలీ పెడదాం. ఒకదాన్నొకటి చూసుకుంటాయి, వాసన పట్టుకుంటాయి. వచ్చే ఆదివారం జాలీ ఎత్తేస్తాను. కలిశాయా, సాయంత్రానికి నువ్వు ఇంట్లో. నేను కేకు కూడా చెప్పేస్తున్నా."

"ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగమని, అప్పుడే కేకేంటయ్యా!" అంది డాట్.

పుడ్డింగ్‌ని అప్పటిదాకా వాల్ గరాజులో ఒక తొట్లో ఉంచారు. ఐస్ పెట్టెలో పెట్టుకుని తెచ్చి, సన్నటి గొట్టంతో డచెస్ తొట్టె నీళ్ళు బొట్టుబొట్టుగా పెట్టెలోకి వదిలారు. ఒకేసారి కొత్త నీళ్ళలో వేస్తే ఏ ప్రాణీ తట్టుకోలేదు. క్లారీ పెట్టె పక్కన చతికిలబడి, "భయపడకే, మంచి ఇల్లు," అని పుడ్డింగ్‌కి ధైర్యం చెప్పాడు. గ్లెనిస్ గుమ్మంలో నిలబడి ఆ మాట విని మొహం అటు తిప్పుకుంది.

ఆదివారం సంఘమంతా దిగింది. చేపకీ ఎనిమోన్‌కీ పరిచయం చేసే రోజున తలా ఒక వంటకం పట్టుకెళ్ళడం వాళ్ళ ఆచారం. గుడ్డుముక్కల శాండ్‌విచ్‌లు, కొబ్బరికోరు పొర్లించిన లామింగ్టన్ కేకు ముక్కలు, పైనాపిల్ గుచ్చిన జున్నుముక్కలు. వాల్ కేకు నిజంగానే తెచ్చాడు. ముందుగదిలో కుర్చీలు చాలక కొందరు కింద కూర్చున్నారు. పాత చెక్కల నేల కిర్రుమంటోంది. తొట్టె రెండోది పెడితే పడిపోతుందన్న ఇంట్లో ఇరవైమంది కూర్చుని కేకు తింటున్నారన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

వాల్ గొంతు సవరించుకుని ఉపన్యాసం మొదలెట్టబోతే డాట్ "జాలీ ఎత్తు" అంది. ఎత్తాడు.

డచెస్ రాళ్ళ వెనకనుంచి వచ్చింది. ఇంతమందిని చూసి కూడా వచ్చిందంటే, పుడ్డింగ్ మీద దానికెంత కోపముందో చూడండి. చుట్టూ ఒక ప్రదక్షిణం చేసింది. మొహం చిట్లించింది. వెనక్కి తిరిగి స్టబ్బీని మూతితో ఒక్క పోటు పొడిచింది. ముందు నువ్వెళ్ళి చూసి రా అని కాబోలు. మొగుళ్ళ బతుకులు నీళ్ళలో అయినా ఇంతే. స్టబ్బీ బెదిరి, పోటు పడ్డ వైపుకే జారిపోయాడు. ఆ వైపున పుడ్డింగ్ నీలి తివాచీ పరుచుకుని, అంచులు పైకెత్తుతోంది.

"అయ్యో, అయ్యో!" అన్నారు అందరూ, చేతుల్లో పళ్ళేలు వదలకుండా.

క్లారీ లేచాడు. రబ్బరు తొడుగు మేకుకి వేలాడుతోంది. దాన్ని తొడుక్కునే వ్యవధి లేదు. గ్లెనిస్ కళ్ళల్లో భయం కనపడింది, అంతే. పొట్టి చొక్కా చెయ్యితో సహా భుజం దాకా నీళ్ళలో ముంచి, స్టబ్బీకీ పుడ్డింగ్‌కీ మధ్య తన చేతిని అడ్డం పెట్టేశాడు.

స్టబ్బీ మోచేతి కిందనుంచి దూరి బయటపడ్డాడు. పుడ్డింగ్‌కి మాత్రం ఇంత పెద్ద ఆహారం జన్మలో దొరకలేదు. అరచెయ్యి దగ్గర్నుంచి మోచెయ్యి దాకా చుట్టేసుకుంది. క్లారీ కేకపెట్టాడు. నీళ్ళు ఎగిసి వాల్ కేకు మీద పడ్డాయి. "కదలకు, కదలకు" అని అరిచేవాళ్ళు ఒక పక్క, "లాగు, లాగు" అనేవాళ్ళు ఇంకో పక్క. చివరికి గ్లెనిస్సే తన ఒట్టి చేత్తో ఒక్కో అంచూ ఒలిచి విడదీసింది. పుడ్డింగ్ మళ్ళీ ఐస్ పెట్టెలోకి చేరింది.

క్లారీ చెయ్యి ఎర్రగా పొంగిపోయింది. నొప్పికి కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. అయినా ముందు తొట్లోకి తొంగిచూసి, స్టబ్బీ ఉన్నాడని నిశ్చయం చేసుకున్నాడు. తరవాత వాల్‌తో అన్నాడు.

"పుడ్డింగ్‌ని నువ్వు తీసుకెళ్ళు."

"గరాజుకా?"

"ఇంటికే. ఇంక నువ్వే పెంచుకో. రొయ్యముక్కలు చిన్నగా కోసి పెట్టు. మధ్యాహ్నం పెట్టు, పొద్దున అంత ఆకలుండదు దానికి..." అక్కడితో ఆగిపోయాడు.

లామింగ్టన్ నములుతున్న డాట్ నోటినిండా కొబ్బరికోరుతో, తాపీగా అంది.

"పుడ్డింగ్‌ని కింద సెలూన్‌లో పెట్టొచ్చుగా? సిమెంటు నేలేగా అది. ఏనుగుని కట్టేసినా మోస్తుంది."

అందరూ డాట్ వంక చూశారు. తరవాత కిందికి, నేల వంక చూశారు. ఆ గదిలో ఉన్నవాళ్ళందరూ ఆ సిమెంటు మీద కుర్చీలో కూర్చుని జుట్టు కత్తిరించుకున్నవాళ్ళే. వాల్ అయితే కిందటి వారమే కత్తిరించుకుని, ఆ కుర్చీలోంచే ఈ పొంతన గురించి గంటసేపు మాట్లాడాడు. ఆఖరికి అందరి కళ్ళూ ఒక్కటొక్కటిగా గ్లెనిస్ మీదికి తిరిగాయి.

గ్లెనిస్ మొహం డచెస్ రంగుకి తిరిగింది.

"పాత్రలు తీసుకుని వెళ్ళండి," అంది డాట్, అప్పుడే తను చేసిన ఘనకార్యం అర్థమై. "లేవండి, లేవండి. కేకు తడిసిపోయింది, ఎలాగూ బాగోదు." ఇరవైమందినీ కోళ్ళని తోలినట్టు మెట్లు దింపింది. తనూ దిగింది. సగం మెట్ల దగ్గర ఆగి వినబోయింది కానీ, వాల్ ఒక చేత్తో పుడ్డింగ్ ఉన్న ఐస్ పెట్టె పట్టుకుని, ఇంకో చేత్తో ఆవిడ్ని లాక్కుపోయాడు. జీవితంలో ఆయన చేసిన మంచిపని అదొక్కటే.

గ్లెనిస్ వెనిగర్ సీసా, గుడ్డ తెచ్చి క్లారీ పక్కన కూర్చుంది. చెయ్యి ఒళ్ళో పెట్టుకుని తడపడం మొదలెట్టింది.

"నీకు తెలుసా? కింద పెట్టొచ్చని?" అంది తలెత్తకుండా.

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"నువ్వు షరతు పెట్టిన రోజునుంచే. ఆ వారంలోనే కదా నీ దగ్గర జుట్టు కత్తిరించుకున్నాను."

"మరి చెప్పలేదేం? ఇన్నాళ్ళు ఆ రేకు డబ్బాలో, ఆ మామిడికాయల కింద..."

"చెప్తే నువ్వు ఇంకో సాకు వెతుక్కోవాలి. అదెలాంటిదో ఏమో. దీనికైతే నేను అలవాటుపడ్డాను."

గ్లెనిస్ గుడ్డ పిండింది. మళ్ళీ తడిపింది. చేతి మీద అద్దుతూ అంది.

"చేపని తొట్లో వెయ్యడం ఎంతసేపు క్లారీ? చిటికెలో పని. మళ్ళీ తియ్యాలంటేనే రాళ్ళన్నీ పీకాలి. రాన్ పోయినప్పుడు నేను అన్నీ పీక్కున్నాను. ఒక్క రాయి కూడా మిగల్లేదు. మళ్ళీ పేర్చుకోడానికి నాకెంత కాలం పట్టిందో ఎవరికీ తెలీదు. మొన్న నువ్వు ఆ రాళ్ళు తీసి కిందపెడుతుంటే చూశాను. ఇంకోసారి పీక్కునే శక్తి నా ఒంట్లో లేదనిపించింది. నువ్వు లోపలికి రావాలని నాకూ ఉంది. వచ్చాక పోతే?"

ఓదార్పు మాటలు క్లారీకి రావు. రైలు నడిపినవాడు, పట్టాలున్నంత మేరే మాట్లాడతాడు.

"పోతాను గ్లెన్. ఎప్పుడో ఒకప్పుడు పోక తప్పదు. నేనేమన్నా కుర్రాణ్ణా? నువ్వు ముందు పోతే నేను పీక్కుంటాను రాళ్ళు. అంతకుమించి చెప్పడానికి నా దగ్గరేం లేదు."

"ఆడదాన్ని ఓదార్చడం ఎక్కడ నేర్చుకున్నావయ్యా నువ్వు!" అంది గ్లెనిస్. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండూ కలిపి ముక్కు చీదుకుని, కళ్ళజోడు తుడిచి పెట్టుకుని, మళ్ళీ చెయ్యి పట్టుకుంది.

"అటు తిప్పు. మోచేతి వెనక తడపలేదు."

తిప్పాడు. గుడ్డ అద్దబోయిన ఆమె చెయ్యి మధ్యలో ఆగిపోయింది.

"ఇదేంటి?"

"పుడ్డింగ్ కుట్టిందే అయ్యుంటుంది."

"కాదు. కదలకు." కళ్ళజోడు ముక్కు మీదికి దించుకుని, మొహం దగ్గరగా పెట్టి చూసింది. పొంగిన ఎర్రటి మచ్చల మధ్య, మోచేతి ఎముక కింద, నెలవంకలా వంగిన చిన్న గాటు. గాటు చివర ఒక్క రక్తపుబొట్టు ఎండి ఉంది. గ్లెనిస్ తన చెయ్యి చాపి దాని పక్కన పెట్టింది. ఆమె మణికట్టు మీద, వేళ్ళ మీద, బొటనవేలి మొదట్లో అచ్చంగా అవే నెలవంకలు. కొన్ని పాతవి, కొన్ని కొత్తవి.

"కరిచింది," అంది నెమ్మదిగా.

"ఎవరు?"

"ఎవరేంటి, డచెస్! తన మొగుడికి అడ్డం వచ్చావని నీ మీద పడింది. నీకు తెలియలేదా?"

"ఆ మంటలో ఏం తెలుస్తుంది? తల తెగిపడినా తెలిసేది కాదు," అన్నాడు క్లారీ. తరవాత మాట అర్థమయ్యి, చెయ్యి లాక్కుని, మోచెయ్యి కనపడక మెడ వంకర తిప్పి, గుండ్రంగా తిరిగి, తొట్టె అద్దంలో చూసుకోబోయాడు. అద్దానికి అవతల డచెస్ అతని మొహంలోకి మొహం పెట్టి చూస్తోంది. దాక్కోలేదు.

గ్లెనిస్ చూపు మేకుకి వేలాడుతున్న నల్ల రబ్బరు తొడుగు మీద పడింది. భుజం దాకా వచ్చే తొడుగు. తనే ఇచ్చింది, తనే నియమం పెట్టింది. పాపం ఆ చేప ఇన్నాళ్ళూ కరుద్దామన్నా దానికి మనిషి చెయ్యి దొరికిందెక్కడ? గ్లెనిస్ ఒక్కసారిగా కడుపుబ్బ నవ్వడం మొదలెట్టింది. ఎందుకు నవ్వుతోందని క్లారీ అడిగితే చెప్పలేక వేలితో తొడుగు చూపించింది. అతనూ చూశాడు. తనకీ అర్థమయింది. ఇద్దరూ సోఫాలో వెనక్కి పడి, కళ్ళు తుడుచుకుంటూ చాలాసేపు నవ్వారు.

"గట్టిగానే కరిచింది కదా?" అని అడిగాడు క్లారీ కాసేపటికి, ఇంకా నమ్మకం కుదరక.

"మచ్చ పడుతుంది."

"పోదు కదా?"

"పోదు." గ్లెనిస్ లేచి వెనిగర్ సీసాకి మూత పెట్టింది. వంటింటి వైపు నడుస్తూ, వెనక్కి తిరక్కుండా అంది. "వాల్‌కి ఫోన్ చేసి పుడ్డింగ్‌ని వెనక్కి తెమ్మను. సెలూన్‌లో బేసిన్ పక్కన చోటుంది. తరవాత ఆ కారవాన్‌లో గ్యాస్ కట్టేసి, నీ దిండు తెచ్చుకో."

క్లారీ మెట్లు ఎలా దిగాడో అతనికే తెలియదు. గ్యాస్ కట్టాడు. దిండు చంకలో పెట్టుకున్నాడు. బయటికి రాగానే వెనకాల రేకు కప్పు మీద ఒక మామిడిపండు దబ్బుమని పడింది. ఈసారి ఉలిక్కిపడలేదు. రెండేసి మెట్లు ఎక్కి గుమ్మంలోకి వచ్చేసరికి, లోపలినుంచి గ్లెనిస్ కసిరింది.

"కాళ్ళు! మట్టికాళ్ళతో అలాగే వచ్చేస్తావా? ఇల్లనుకున్నావా, రైలు షెడ్డనుకున్నావా?"

ఇన్నాళ్ళలో ఆమె అతన్ని కసరడం అదే మొదటిసారి. క్లారీ గుమ్మం దగ్గర ఆగి, మొహమంతా నవ్వుతో, పట్టా మీద రెండు కాళ్ళూ ఒకటికి రెండుసార్లు తుడుచుకుని లోపలికెళ్ళాడు.